దూరపు కొండలు – సైకిలు దారులు

పాఠ్యభాగ ఉద్దేశం

సెలవులు రాగానే యువతీయువకులు కొండలకు, కోనలకు తరలివెళ్ళడం ఈ కాలంలో పెరిగింది. ఆ యాత్రలలో సైకిలుపై కొండదారులను చుట్టి రావడం ఒక ప్రత్యేకమైన శాఖ. ఉత్సాహం ఒక్కటే ఉండి ఆలోచన లేకపోతే అటువంటి యాత్ర ఆనందానికి బదులు ఆపదను తెచ్చిపెడుతుంది. దారిని ఎంచుకోవడంలో పాటించవలసిన వివేకాన్ని, యాత్రను ముందుగా రూపొందించుకొనే పద్ధతిని, కొండల పట్ల, అక్కడి ప్రజల పట్ల చూపవలసిన మర్యాదను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియా పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని గ్రహించి, దానిని ఒక క్రమంలో అమర్చి, ఉదాహరణలతో సమర్థిస్తూ వివరించేది వ్యాసం. సంక్షిప్తత, స్పష్టత, సూటిదనం వ్యాసానికి ఉండవలసిన ముఖ్య లక్షణాలు.

పాఠ్యభాగం

"దూరపు కొండలు నునుపు" అన్నది తెలుగువారి నోట నిత్యం నలిగే సామెత. దూరం నుండి చూసే కంటికి కొండ నీలిమేఘంలా, మెత్తని దిండులా కనిపిస్తుంది. దగ్గరకు వెళ్ళి అడుగు పెడితే గాని అందులోని రాళ్ళు, ముళ్ళు, లోయలు, చరియలు తెలియవు. మన పెద్దలు ఈ మాటను జీవితంలోని భ్రమలను ఉద్దేశించి అన్నప్పటికీ, నిజంగా కొండలకు ప్రయాణమయ్యేవారికి అది అక్షరాలా వర్తిస్తుంది.

అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలోని ప్రవరుని కథ తెలుగు విద్యార్థులకు సుపరిచితమే. ఇల్లు కదలని గృహస్థుడైన ప్రవరునికి తీర్థాలను, పర్వతాలను చూడాలన్న కోరిక మెండుగా ఉండేది. అతిథిగా వచ్చిన సిద్ధుడు ఇచ్చిన పాదలేపాన్ని పూసుకొని అతడు హిమాలయాన్ని చేరుకున్నాడు. ఆ శోభను చూసి మైమరచి తిరుగుతూ ఉండగా మంచు తగిలి కాలి పసరు కరిగిపోయింది. వెళ్ళడానికి ఉన్న సాధనం రావడానికి లేకుండా పోయింది. కావ్యంలో ఆ ఘట్టం రసవంతమైన కథకు దారితీసింది కాని, యాత్రికుని దృష్టితో చూస్తే అందులో ఒక హెచ్చరిక ఉన్నది. వెళ్ళే దారిని గూర్చి ఆలోచించినవాడు తిరిగి వచ్చే దారిని గూర్చి ఆలోచించలేదు. కొండలకు సైకిలుపై వెళ్ళదలచినవారు మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే.

సైకిలు కొండ ఎక్కిన చరిత్ర

1817లో జర్మనీ దేశస్థుడైన కార్ల్ ఫాన్ డ్రైస్ తొక్కుడు చట్రాలు లేని రెండు చక్రాల బండిని నడిపి చూపించాడు. కాళ్ళతో నేలను తన్నుతూ ముందుకు సాగవలసిన ఆ బండియే నేటి సైకిలుకు మూలపురుషుడు. ఆ తరువాత ఎనభై ఏళ్ళలో సైకిలు ఎంతో మారింది. కాని అది చదునైన బాటలకే తగిన వాహనమని లోకం భావించింది.

ఆ భావన తప్పని నిరూపించినవారిలో అమెరికా సైన్యంలోని 25వ పదాతిదళానికి చెందిన నల్లజాతి సైనికులు ముఖ్యులు. 1897 జూన్ నెలలో ఇరవైమంది సైనికులు లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ నాయకత్వంలో మోంటానా రాష్ట్రంలోని ఫోర్ట్ మిజూలా నుండి సెయింట్ లూయిస్ నగరానికి సైకిళ్ళపై బయలుదేరారు. దూరం సుమారు 1,900 మైళ్ళు. అంటే మూడువేల కిలోమీటర్లకు పైమాట. రాకీ పర్వతాలలో వాన, మంచు వారిని చుట్టుముట్టాయి. బంకమట్టి చక్రాలకు పట్టుకొని కదలనీయకపోతే వారు రైలుపట్టాల మధ్యనున్న దుంగల మీదుగా సైకిళ్ళను నడిపించారు. నెబ్రాస్కా ఇసుక దిబ్బలలో చెడునీరు త్రాగి జబ్బుపడ్డారు. అయినా 41 రోజులలో గమ్యం చేరారు.

వారి విజయానికి కండబలం ఎంత కారణమో ముందుచూపు కూడా అంత కారణం. ఇంచుమించు నూరు మైళ్ళకు ఒకచోట ఆహారపదార్థాలు ముందుగానే సిద్ధంగా ఉండే ఏర్పాటు జరిగింది. ప్రతి సైనికుడు రెండు రోజులకు సరిపడే తిండిని మాత్రమే మోసుకొని, తరువాతి మజిలీలో మళ్ళీ నింపుకొనేవాడు. భారం తగ్గింది, దూరం కరిగింది. ఇంత సాధించినా సైన్యం ఆ సైకిలు దళాన్ని కొనసాగించలేదు. ఆ యాత్రలో ముఖ్యపాత్ర వహించిన సార్జెంట్ మింగో సాండర్స్‌తో సహా అదే పదాతిదళంలోని 167 మంది నల్లజాతి సైనికులను 1906లో, టెక్సాస్‌లో జరిగిన ఒక కాల్పుల ఘటనకు సంబంధించి, విచారణ లేకుండానే ఉద్యోగాల నుండి తొలగించారు. వారు నిర్దోషులని అమెరికా సైన్యం 1972లో గాని ఒప్పుకోలేదు. పర్వతాలను దాటినవారికి మనుషుల మనసులలోని గోడలను దాటడం అంతకంటె కష్టమైనది.

నేటి పర్వత సైకిలు మాత్రం 1970వ దశకంలో కాలిఫోర్నియాలోని మెరీన్ ప్రాంతంలో రూపుదిద్దుకొన్నది. అక్కడి యువకులు పాతసామానుల దుకాణాలలో పడివున్న, లావుపాటి చక్రాలుగల పాత సైకిళ్ళను బాగుచేసి కొండలపైకి తీసుకువెళ్ళి, అగ్నిమాపక వాహనాల కోసం వేసిన మట్టిబాటలపై క్రిందికి దూకించేవారు. 1976లో వారు మొదలుపెట్టిన ఒక పందెం పేరు "రీప్యాక్". రెండు మైళ్ళ దూరంలో సుమారు 1,300 అడుగులు దిగే ఆ బాటలో వెనుకచక్రపు బ్రేకు వేడెక్కి, లోపలి గ్రీజు పొగగా మారిపోయేది. దిగిన ప్రతిసారి మళ్ళీ గ్రీజు దట్టించవలసి వచ్చేది కనుక ఆ పేరు వచ్చింది. ఆ బృందంలోని జో బ్రీజ్ 1977లో కొండదారులకోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు చట్రాన్ని తయారుచేశాడు. 1979లో గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ నిర్మించిన చట్రాలతో ఇటువంటి సైకిళ్ళ వ్యాపారాన్ని ప్రారంభించారు. 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో పర్వత సైక్లింగ్‌కు స్థానం లభించింది. ఇరవై ఏళ్ళలో పాత ఇనుము పోటీక్రీడగా మారింది.

దారికి రంగులు

కొండదారులన్నీ ఒక్కటి కావు. కొన్ని బండి పోయేంత వెడల్పుగా ఉంటాయి. మరికొన్ని ఒక్క మనిషి మాత్రమే పోగల కాలిబాటలు. కొన్నింటిలో మెత్తని మట్టి, కొన్నింటిలో జారే గులకరాళ్ళు, కొన్నింటిలో చెట్లవేళ్ళు, మెట్లవంటి బండలు ఎదురవుతాయి. ఈ భేదాన్ని యాత్రికునికి ముందుగానే తెలపడానికి అనేక దేశాలలో రంగుల గుర్తులు వాడుతున్నారు. బ్రిటన్‌లో ఆకుపచ్చ సులువైన దారికి, నీలం మధ్యరకానికి, ఎరుపు కష్టమైనదానికి, నలుపు అతికష్టమైనదానికి గుర్తు. ఉత్తర అమెరికాలో మంచుపై జారే క్రీడనుండి గ్రహించిన గుర్తులు ఉన్నాయి. అక్కడ ఆకుపచ్చ వలయం సులువును, నీలి చతురస్రం మధ్యరకాన్ని, నల్లని వజ్రాకారం కష్టాన్ని సూచిస్తాయి. రెండు నల్లని వజ్రాలు కనిపిస్తే అది ఆరితేరినవారికే తగినదని అర్థం.

ఈ రంగులను గ్రుడ్డిగా నమ్మరాదు. ఒక దేశంలో ఎరుపు అనిపించుకొన్న దారి మరొక దేశపు ఎరుపుతో సమానం కావాలని లేదు. వాన కురిసిన మరునాడు నీలిరంగు దారి కూడా నల్లని దారిగా మారగలదు. కావున కొత్తచోటికి వెళ్ళినవారు తమకు తెలిసిన స్థాయికంటె ఒక మెట్టు దిగువనున్న దారితో ప్రారంభించడం క్షేమకరం. మొదటిరోజు సులువుగా ముగిస్తే రెండవరోజు ఒక మెట్టు ఎక్కవచ్చు. మొదటిరోజే కాలు విరిగితే మిగిలిన సెలవులన్నీ మంచంమీదనే గడుస్తాయి.

దారిని అంచనా వేయడంలో దూరంకంటె ఎత్తు ముఖ్యమైనది. ఇరవై కిలోమీటర్ల దారులు రెండు ఉన్నాయనుకొందాం. ఒకదానిలో మొత్తం 200 మీటర్లు, రెండవదానిలో 800 మీటర్లు ఎక్కవలసి ఉంటే అవి కాగితంపై సమానమైనా కాళ్ళకు సమానం కావు. పది కిలోమీటర్లలో 500 మీటర్లు ఎక్కే దారి సగటువాలు నూటికి ఐదు. సగటు అన్నది కూడా మోసగించగలదు. తొమ్మిది కిలోమీటర్లు చదునుగా ఉండి చివరి కిలోమీటరులోనే ఆ ఎత్తంతా నిలువునా ఉండవచ్చు. పటంపైన సమోన్నత రేఖలు దగ్గరదగ్గరగా ఉన్నచోట వాలు తీవ్రమని, దూరదూరంగా ఉన్నచోట మందమని గుర్తించడం నేర్చుకొన్నవానికి ఇటువంటి మోసం జరగదు.

ప్రతి యాత్రికుడు తన శక్తిని తానే కొలుచుకోవాలి. ఒక విద్యార్థి తన ఊరి సమీపంలోని ఘాట్‌రోడ్డుపై గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కగలిగాడనుకొందాం. 900 మీటర్లు ఎక్కవలసిన దారికి అతనికి కనీసం మూడు గంటలు కావాలి. విశ్రాంతికి, పంక్చర్లకు, దారి వెదకుకోవడానికి మరొక గంటన్నర కలుపుకోవాలి. బరువైన సంచి, పలుచని గాలి, గతుకుల నేల తోడైతే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క వేయనివాడు సూర్యాస్తమయాన్ని శిఖరంపైన చూసి ఆనందిస్తాడు గాని, ఆ తరువాత చీకటిలో దిగవలసి వస్తుందని మరచిపోతాడు.

రెండు దేశాలు – రెండు దారులు

దారి ఎంపిక ఋతువుమీద, నేలమీద ఎంతగా ఆధారపడుతుందో తెలుసుకోవడానికి రెండు ప్రసిద్ధమైన చోట్లను పోల్చి చూడవచ్చు.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోయాబ్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1950వ దశకంలో యురేనియం గనులతో కళకళలాడిన ఆ ఊరు, 1980వ దశకంలో గనుల పని సన్నగిల్లగా జీవనాధారాన్ని కోల్పోయింది. సరిగా అదే కాలంలో చుట్టుపక్కల ఎర్రని ఇసుకరాతి కొండలు సైకిలు యాత్రికులను ఆకర్షించాయి. అక్కడి "స్లిక్‌రాక్" దారి పదిమైళ్ళకు కొంచెం ఎక్కువ. 1969లో మోటారుసైకిళ్ళకోసం గుర్తించిన ఆ దారిలో బండపై వేసిన తెల్లని గీతలే దారి చూపుతాయి. స్లిక్‌రాక్ అంటే నున్నని రాయి అని అర్థం. ఇనుపనాడాలుగల గుర్రాలకు అది జారేది కనుక ఆ పేరు వచ్చింది. సైకిలు రబ్బరు చక్రాలకు మాత్రం అది గట్టిగా పట్టునిస్తుంది. అయితే నీడ, నీరు కరవైన ఆ ఎడారిలో వేసవి ఎండ ప్రాణాంతకం. వసంతం, శరత్తు అక్కడికి తగిన కాలాలు. పూర్తిదారికి సాహసించలేనివారికోసం ఒక చిన్న అభ్యాసవలయం కూడా ఉన్నది. దానిని ముందుగా తొక్కి చూసి, తనవల్ల కాదని తెలిసి వెనుదిరిగినవాడు పిరికివాడు కాడు, వివేకి.

వేల్స్ దేశంలోని కోయెడ్ ఎ బ్రెనిన్ అడవి ఇందుకు పూర్తిగా భిన్నం. ఆ పేరుకు రాజుగారి అడవి అని అర్థం. అక్కడ ఏడాదిపొడవునా వాన. మామూలు మట్టిదారి అయితే చక్రాల ఒరిపిడికి బురదకుంట అయిపోతుంది. అందుచేత 1990వ దశకంలో అక్కడ రాళ్ళు పరచి, నీరు ప్రక్కకు పారేవిధంగా సైకిళ్ళకోసమే దారులు నిర్మించారు. బ్రిటన్‌లో ఈ విధమైన దారుల కేంద్రాలకు అది మార్గదర్శకమైంది. స్కాట్లాండు దక్షిణభాగంలో "సెవెన్ స్టేన్స్", అంటే ఏడు రాళ్ళు, అనే పేరుతో ఇటువంటి కేంద్రాల వరుస తరువాత వెలిసింది. ఇక్కడ మరొక విషయం గమనించాలి. కోయెడ్ ఎ బ్రెనిన్‌లోని సందర్శకుల కేంద్రాన్ని 2025లో మూసివేశారు. దారులు మాత్రం తెరిచే ఉన్నాయి. పాత పుస్తకాన్ని నమ్మి, భోజనం అక్కడ దొరుకుతుందనుకొని వెళ్ళినవాడు ఆకలితో తిరిగి రావలసి వస్తుంది. తాజా సమాచారాన్ని సేకరించడం యాత్రా ప్రణాళికలో అత్యవసరమైన భాగం.

హిమాలయంలో లెక్కతప్పే చోటు

మన దేశంలో సైకిలు యాత్రికులను ఎక్కువగా ఆకర్షించే దారి మనాలి నుండి లేహ్‌కు పోయే పర్వతమార్గం. పాత రోహ్తాంగ్ మార్గంలో అది సుమారు 470 కిలోమీటర్లు. శీతకాలంలో మంచుతో మూసుకొనిపోయే ఈ దారిలో జూన్ చివరి నుండి సెప్టెంబరు వరకు యాత్రలు సాగుతాయి. రోహ్తాంగ్, బారాలాచా, లాచుంగ్, తంగ్లాంగ్ అనే కనుమలు ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి. చివరిదైన తంగ్లాంగ్ కనుమ ఎత్తు 5,300 మీటర్లకు పైమాట. అంత ఎత్తులో గాలిపీడనం సముద్రతీరంలో ఉండేదానిలో ఇంచుమించు సగమే. సముద్రతీరాన ఉన్న విశాఖపట్టణం నుండి గాని, 500 మీటర్ల చిల్లర ఎత్తుననున్న హైదరాబాదు నుండి గాని వెళ్ళే యువకునికి, కండబలం ఎంత ఉన్నా, ఆ గాలి కొత్తది.

2,500 మీటర్లు దాటిన తరువాత ఎవరికైనా ఎత్తుజబ్బు రావచ్చు. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం, విపరీతమైన అలసట దాని తొలి లక్షణాలు. ముదిరితే ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరుచేరి ప్రాణాపాయం కలుగుతుంది. ఇది బలహీనులకే వస్తుందనుకోవడం పొరపాటు. త్వరగా ఎక్కగలిగిన బలవంతునికే ఒక్కొక్కప్పుడు ముందుగా వస్తుంది. మూడువేల మీటర్లు దాటిన తరువాత, ఒక రాత్రి పడుకొన్న చోటికంటె మరుసటి రాత్రి పడుకొనే చోటు 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒకరోజు ఎక్కకుండా ఆగాలని వైద్యులు సూచిస్తారు.

ఈ సూత్రాన్ని పటంపైన పెట్టి చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. కీలాంగ్, జిస్పా గ్రామాలు మూడువేల మీటర్లకు కొంచెం పైన ఉన్నాయి. తరువాత అందరూ బసచేసే సర్చూ మైదానం 4,200 మీటర్లకు పైన ఉన్నది. అంటే ఒక్కరోజులో పడక ఎత్తు వేయి మీటర్లకు పైగా పెరుగుతున్నది. చాలామంది యాత్రికులు తీవ్రమైన తలనొప్పితో రాత్రంతా మేల్కొనేది ఇక్కడే. దూరాన్నిబట్టి మాత్రమే మజిలీలు పంచుకొన్నవారికి ఈ ప్రమాదం కనిపించదు. ఎత్తునుబట్టి పంచుకొన్నవారు కీలాంగ్‌లోనో జిస్పాలోనో ఒకరోజు అదనంగా ఆగి, ఆ పగలు కొంత పైకి ఎక్కి మళ్ళీ క్రిందికి వచ్చి పడుకొంటారు. ఆ తరువాత కూడా నేరుగా సర్చూకు పోక, దారిలోని పట్సియో వంటి చోట మరొక రాత్రి గడుపుతారు. పగలు ఎంత ఎత్తుకు పోయినా రాత్రి దిగువన పడుకోవాలన్నది కొండవాసులు, పర్వతారోహకులు ఏకకంఠంతో చెప్పే మాట. లక్షణాలు కనిపించినప్పుడు పైకి ఎక్కకపోవడం, తగ్గకపోతే వెంటనే క్రిందికి దిగడం దీనికి ముఖ్యమైన చికిత్స. మిత్రులు వేళాకోళం చేస్తారని తలనొప్పిని దాచుకొనేవాడు తనతోపాటు తన బృందాన్ని కూడా ఆపదలోకి నెట్టుతాడు.

ఈ మార్గంలో ప్రకృతికి కూడా ఒక దినచర్య ఉన్నది. ఉదయం సన్నగా పారే మంచువాగులు మధ్యాహ్నపు ఎండకు మంచు కరగడంతో పొంగుతాయి. మైదానాలలో మధ్యాహ్నంనుండి గాలి బలంగా వీస్తుంది. కావున తెల్లవారగానే బయలుదేరి, మధ్యాహ్నానికే మజిలీ చేరుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. దారిప్రక్కన కనిపించే రాతలను కూడా పరిశీలించి నమ్మాలి. లేహ్ సమీపంలోని ఖర్దుంగ్ కనుమ ఎత్తు 18,380 అడుగులని అక్కడి ఫలకం చాలాకాలం చాటింది. ఆధునిక సాధనాలతో కొలిచినప్పుడు అది సుమారు 17,580 అడుగులని తేలింది. కొండలను గూర్చిన గొప్పలు ఫలకాలమీద కూడా ఉంటాయి.

సాధన – సామగ్రి

యాత్ర ఇంటివద్దనే మొదలవుతుంది. 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టును అధిరోహించిన తెలంగాణ బాలిక మాలావత్ పూర్ణ మొదట భువనగిరి కొండరాతిపైన శిక్షణ పొందింది. పెద్ద కొండకు చిన్న కొండే బడి. సైకిలు యాత్రికులు కూడా రెండు మూడు నెలల ముందునుండి వికారాబాదు సమీపంలోని అనంతగిరి వంటి చోట్ల, అరకు ఘాట్‌రోడ్డు వంటి మార్గాలలో సాధన చేయాలి. ఒక్కరోజు ఎక్కువదూరం తొక్కడంకంటె, వరుసగా మూడురోజులు మధ్యరకపు దూరాన్ని సామానుతో సహా తొక్కి చూడడం మేలు. మూడవరోజు ఉదయం కాళ్ళు ఏమి చెబుతాయో అదే నిజమైన ఆత్మపరీక్ష.

సైకిలు ఖరీదైనది కానక్కరలేదు, కాని సరియైనది కావాలి. శరీరపు కొలతకు తగిన చట్రం, వెడల్పైన టైర్లు, నిటారు ఎక్కుడుకు పనికివచ్చే తేలిక గేర్లు, నమ్మదగిన బ్రేకులు ఉండాలి. ముందుచక్రానికి మాత్రమే కుదుపులను ఓర్చే అమరిక ఉన్న సైకిలు సాధారణమైన దారులకు సరిపోతుంది. బండలమీద దూకే దారులకు రెండు చక్రాలకూ ఆ అమరిక అవసరమవుతుంది. తలకు హెల్మెట్టు, చేతులకు తొడుగులు, అదనపు ట్యూబులు, పంపు, పంక్చరు సామగ్రి, బ్రేకు దిమ్మెలు, గొలుసు బాగుచేసే పనిముట్టు, ప్రథమ చికిత్స పెట్టె, వానచొక్కా, త్రాగునీరు తప్పనిసరి. వీటిని సంచిలో వేసుకోవడంతో సరిపోదు. పంక్చరు అతకడం రానివానికి పంక్చరు సామగ్రి బరువు మాత్రమే. పర్వతాలలో చేతిఫోను అన్నిచోట్లా పలకదు కనుక కాగితంపై ముద్రించిన పటం దగ్గర ఉంచుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన నియమం ఉన్నది. వెనుదిరుగవలసిన వేళను బయలుదేరక మునుపే నిర్ణయించుకోవాలి. మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్కడ ఉన్నా వెనుకకు మరలుతామని బృందం అనుకొన్నదంటే, శిఖరం కనుచూపుమేరలో ఉన్నా మరలవలసిందే. కష్టపడి ఎక్కిన తరువాత మనసు సరిగా లెక్కకట్టలేదు. కావున ఆ లెక్కను ప్రశాంతంగా ఉన్న ఉదయమే కట్టి పెట్టుకోవాలి. దారి మధ్యలో ఎక్కడెక్కడ ప్రధానరహదారికి దిగిపోవచ్చునో కూడా పటంపై ముందుగా గుర్తు పెట్టుకోవాలి. ఏ దారిన వెళుతున్నదీ, ఎప్పుడు వస్తున్నదీ ఇంటివారికో, బసచేసిన చోటివారికో చెప్పి వెళ్ళాలి. ప్రతి ఐదారు రోజులకు ఒకరోజు ఖాళీగా ఉంచుకోవాలి. వాన, జ్వరం, కొండచరియలు ఎవరి సెలవుల పట్టికనూ చూసి రావు.

దారి మర్యాద

కొండదారి సైకిలు కోసమే పుట్టలేదు. మెరీన్ ప్రాంతపు కొండలలో సైకిళ్ళ వేగానికి భయపడిన పాదచారులు, గుర్రపురౌతులు అభ్యంతరం చెప్పడంతో 1980వ దశకంలో అనేక ఇరుకుబాటలలో సైకిళ్ళను నిషేధించారు. తమ ఆట పుట్టిన కొండలోనే తమకు చోటులేకపోవడం సైకిలువారికి కనువిప్పు అయింది. బాధ్యతగా నడపడాన్ని ప్రచారం చేయడానికి, దారుల నిర్వహణలో శ్రమదానం చేయడానికి 1988లో అంతర్జాతీయ పర్వత సైక్లింగ్ సంఘం ఏర్పడింది. మోయాబ్ ఎడారిలో నేలపైన నల్లని పొరగా కనిపించేది నాచు, శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు కలిసి అల్లిన సజీవమైన చర్మం. మట్టిని గాలికి కొట్టుకుపోకుండా కాపాడేది అదే. ఒక్క చక్రపుజాడ పడితే అది మళ్ళీ కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. దారి విడిచి ఒక్క గజం ప్రక్కకు పోవడం ఎంత నష్టమో దీనివలన తెలుస్తుంది.

ఈ మర్యాద హిమాలయంలోను, నల్లమలలోను ఒకటే. రక్షిత అడవులలో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. పాదచారులకు, పశువులకు దారి ఇవ్వాలి. దిగేవారు ఎక్కేవారికి దారి విడవాలి. బరువు మోసే కంచరగాడిదలు ఎదురైనప్పుడు సైకిలు దిగి, లోయవైపున గాక కొండవైపున నిలబడాలి. బడలికతో వెనుకబడినవానిని విడిచి బృందం ముందుకు సాగరాదు. బృందవేగం అంటే అందరికంటె నెమ్మదిగా నడిచేవాని వేగమే. తీసుకువెళ్ళిన చెత్తను తిరిగి తీసుకురావాలి. సెలవులకోసం వచ్చినవానికి కొండ నాలుగురోజుల ముచ్చట. అక్కడ పుట్టి పెరిగినవారికి అది ఇల్లు.

ముగింపు

దారిని ఎంచుకోవడమంటే కేవలం పటంపైన గీతను ఎంచుకోవడం కాదు. తన శక్తిని, తన తోడివారి శక్తిని, ఋతువును, నేలను, కాలాన్ని కలిపి తూచడం. నూరుమైళ్ళకు ఒకచోట తిండి సిద్ధం చేసుకొన్న సైనికులు మూడువేల కిలోమీటర్లు దాటగలిగారు. తిరిగి వచ్చే ఉపాయం ఆలోచించని ప్రవరుడు మంచుకొండపై చిక్కుకొన్నాడు. ఈ ఇద్దరి మధ్యనున్న తేడా ధైర్యంలో లేదు, ముందుచూపులో ఉన్నది. దూరం నుండి చూసి కొండ నునుపనుకొన్నవాడు మోసపోతాడు. దగ్గరకు వెళ్ళి భయపడి మరలినవాడు ఏమీ చూడలేడు. కొండ గరుకని ముందే తెలుసుకొని, తగినంత సిద్ధపడి, తనకు తగిన దారిన ఎక్కి, వెలుతురుండగానే ఇల్లు చేరినవాడే నిజమైన యాత్రికుడు.

కఠిన పదాలు – అర్థాలు

పాదలేపం : కాళ్ళకు పూసుకొనే పసరు
పదాతిదళం : కాలినడకన పోరాడే సేన
మజిలీ : ప్రయాణంలో ఆగి బసచేసే చోటు
సమోన్నత రేఖలు : పటంలో ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీతలు
కనుమ : రెండు కొండల మధ్యనున్న దారి
శరత్తు : ఆశ్వయుజ, కార్తిక మాసాలతో కూడిన ఋతువు
కంచరగాడిద : గుర్రానికి, గాడిదకు పుట్టిన బరువుమోసే జంతువు
ఏకకంఠంతో : అందరూ ఒకే మాటగా

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. కొండదారిని ఎంచుకొనేటప్పుడు గమనించవలసిన అంశాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. మనాలి – లేహ్ మార్గంలో మజిలీలను దూరాన్నిబట్టి గాక ఎత్తునుబట్టి ఎందుకు పంచుకోవాలో సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ప్రవరుని కథ యాత్రికులకు ఏ హెచ్చరికను ఇస్తున్నది?
2. 25వ పదాతిదళ సైనికుల సైకిలు యాత్రను గూర్చి వ్రాయండి.
3. మోయాబ్, కోయెడ్ ఎ బ్రెనిన్ దారుల మధ్యగల భేదాలను తెలపండి.
4. సైకిలు యాత్రికుడు పాటించవలసిన దారి మర్యాదలు ఏవి?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్యంలో సమాధానాలు వ్రాయండి.
1. "రీప్యాక్" అనే పేరు ఎందుకు వచ్చింది?
2. పర్వత సైక్లింగ్‌కు ఒలింపిక్ క్రీడలలో ఎప్పుడు స్థానం లభించింది?
3. సమోన్నత రేఖలు దగ్గరగా ఉంటే ఏమని గ్రహించాలి?
4. బృందవేగం అంటే ఏమిటి?

IV. సంధులు
1. హిమాలయం = హిమ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
2. అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
3. సమోన్నత = సమ + ఉన్నత – గుణ సంధి

V. సమాసాలు
1. ఆత్మపరీక్ష – ఆత్మ యొక్క పరీక్ష – షష్ఠీ తత్పురుష సమాసం
2. యువతీయువకులు – యువతులును, యువకులును – ద్వంద్వ సమాసం
3. ఏడు రాళ్ళు – ఏడు సంఖ్యగల రాళ్ళు – ద్విగు సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ ప్రాంతానికి సమీపంలోని ఒక కొండదారిని ఎంచుకొని, దాని దూరం, ఎత్తు, నేలతీరు, అనువైన కాలం, నీటివసతి, వెనుదిరుగవలసిన వేళ అనే శీర్షికలతో ఒక దినపు సైకిలు యాత్రకు ప్రణాళికను రూపొందించండి.